తలుపు తీయలేదు

మైదాపిండి ఉండ కట్టకుండా ఉడకాలంటే గరిటె ఒకే వైపు తిరగాలి. అతను ఒక చేత్తో గిన్నె అంచు గుడ్డతో పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతూ పొయ్యి మీదికి వంగి నిలబడ్డాడు. తెల్లటి పలచని నీళ్లు మెల్లగా చిక్కబడి, మెరుపు తేలి, నడుమ ఒక బుడగ లేచి పగలగానే మంట కట్టేశాడు. వెనక భార్య పాలగిన్నెతో పొయ్యి ఖాళీ అవుతుందేమోనని కాచుకుని ఉంది.

"ఉండ కట్టకుండా మీకు చేతనైన వంట ఇదొక్కటే. అదీ గోడలకి వడ్డిస్తారు," అంది.

అతను నవ్వి పక్కకి తప్పుకున్నాడు. జిగురును మూతడబ్బాలోకి వంచాడు, బ్రష్షును పాత గుడ్డలో చుట్టాడు, నోటీసులున్న సంచీ భుజాన వేసుకున్నాడు. పాలు పొంగేలోపు గుమ్మం దాటేశాడు.

"వెళ్తున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!" లోపలి నుంచి భార్య గొంతు. "వచ్చిందీ తెలియదు, వెళ్లిందీ తెలియదు. పిల్లి నయం, కనీసం గిన్నెలు దొర్లిస్తుంది."

ఆఫీసులో అతని పేరు జిగురు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, అక్కడ దానికేమీ ఇబ్బంది లేదు. సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి, ఎవరికో దారి ఇస్తున్నట్టు. గోళ్ల చుట్టూ ఎండిన మైదా తెల్లగా పొలుసులు కట్టి ఉంటుంది. ఎన్ని తలుపులు తట్టిన చెయ్యి అది! వేలి కణుపు ఈపాటికి కాయ కాసి ఉండాలి. అది మాత్రం పసిపిల్ల చెంపంత నున్నగా ఉంది.

చట్టం నగరపాలక సంస్థకు చాలా చేతులిచ్చింది. ఒక చేత్తో కుళాయి తిప్పి, ఇంకో చేత్తో కట్టేయగలదు. పగలు ఎవరి ఇంట్లోకైనా వచ్చి కొలతలు తీయగలదు. గోడ కూల్చమనగలదు, కూల్చకపోతే తనే కూల్చి కూలీ ఖర్చు ఇంటాయన చేతే పెట్టించగలదు. పడిపోయేలా ఉందనుకున్న ఇంటిని ఖాళీ చేయించి సీలు వేయగలదు. ఇన్ని చేతులున్న దానికి చట్టం పెట్టిన షరతు చిన్నది. ముందుగా మనిషికి చెప్పాలి, పదిహేను రోజులు గడువిచ్చి ఆ మనిషి చెప్పేది వినాలి. ఆ 'చెప్పడం' అనే పని తిరిగి తిరిగి ఈ జిగురు డబ్బా దగ్గరికి వచ్చి ఆగింది.

మనిషి ఉంటే చేతికివ్వాలి. లేకపోతే ఇంటికి కనబడేచోట అంటించి, ఫొటో తీసి, 'ఇంట్లో లేరు, తలుపు తీయలేదు' అని రాసుకురావాలి. అంతే, చెప్పేసినట్టే. ఆ తర్వాత కాగితం ఎంతసేపు నిలిచిందో చట్టం అడగదు. మైదా రుచి మరిగిన మేకలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. సంస్థవారి ఉత్తర్వులను ఆసాంతం జీర్ణించుకునేవి అవే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను తలుపులు గట్టిగానే తట్టేవాడు. ఒకసారి ఒకావిడ తలుపు తీసి, కాగితం చదువుకుని, ఏమీ అనకుండా అతని ముఖంలోకి అలాగే చూస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది. ఆ చూపు తర్వాత అతనికి తలుపుల ముందు ముఖం చెల్లకుండా పోయింది. పై ఉద్యోగి ఒకాయన, ఇప్పుడు లేడు, అప్పుడే కిటుకు చెప్పాడు: "తట్టాలన్నారుగానీ, వినపడాలని ఎక్కడైనా రాశారా?" అప్పటి నుంచి అతను వేలి కణుపుతో కాక వేలి కొసతో తట్టడం నేర్చుకున్నాడు. చెక్క మీద ఆకు రాలినట్టు. మూడు సార్లు, పద్ధతిగా. అది జాలి అని తనకు తాను చాలా కాలం చెప్పుకున్నాడు.

ఆ రోజు మొదటి నోటీసు, అనుమతి లేని అంతస్తు లేపిన ఒక కాంట్రాక్టరుకు. అక్కడ తట్టే అవసరమే లేదు. ఆయన వరండాలో పేపరు చదువుతూ, తలెత్తకుండానే చెయ్యి చాపాడు.

"ఇదెన్నోదయ్యా జిగురూ?"

"మూడోది సార్."

"అక్కడ పెట్టెయ్. మా వకీలుకి ఇవంటే ప్రాణం." పేపరు తిప్పాడు. "టీ తాగుతావా?"

తాగాడు. అలాంటి ఇళ్లలో టీ బాగుంటుంది.

రెండో కాగితం ఒక పాత మేడకు. కింద దుకాణాలు ఖాళీ అయి చాలా కాలమైంది. ఇంటాయనకు ఖాళీ స్థలం కావాలి, సంస్థకు ఫిర్యాదు రాసింది ఆయనే. ముందు గోడ మీద పైనుంచి కిందిదాకా పగులు. ఇంజనీరు దాన్ని వీధిలోంచి చూసి, జీపు దిగకుండానే 'ప్రమాదకరం' అని రాశాడు. పైన వెనక గదిలో అద్దెకున్న పెద్దావిడ ఒక్కతే మిగిలింది. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

ఆవిడకు మొదటి నోటీసు ఇచ్చిందీ ఇతనే. ఆ రోజు మెట్లెక్కి, లోపల కుక్కరు కూత వింటూనే, వేలి కొసతో మూడు సార్లు తట్టి, కిందికి దిగి, మేడ ముందు స్తంభానికి అంటించి ఫొటో తీశాడు. మలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలుపు వినపడింది. "బాబూ! ఇదిగో, బాబూ!" ముందు వైపు బాల్కనీ లోంచి. అతను తిరిగి చూడలేదు. కాస్త వేగంగా నడిచాడు. ఆఫీసుకెళ్లి, 'ఇంట్లో లేరు' అని రాశాడు.

గడువు దాటింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కనుక, ఈ రోజు సాయంత్రం ఖాళీ చేయించి సీలు వేయాలని ఉత్తర్వు. ఈసారి కాగితం చేతికే ఇవ్వాలి.

మెట్లెక్కాడు. కణుపు ఆన్చి ఒక్కసారి కొట్టాడో లేదో తలుపు తెరుచుకుంది. ఎదురుగా పొట్టిగా, బొద్దుగా పెద్దావిడ. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి గడియ మీద.

"వచ్చారా బాబూ!" అంది, చుట్టాన్ని చూసినట్టు. "ఆ రోజు వచ్చింది మీరేగా? ఏదో గీరిన చప్పుడైతే ఎలక అనుకున్నా. ఈ మోకాలితో నేను లేచి వచ్చేసరికి మీరు వీధి చివర ఉన్నారు. ఎంత పిలిచానో! పాపం, మీకు వినపడలేదు."

అతనికి తల కొట్టేసినట్టయింది.

"లేదమ్మా. వినపడలేదు."

ఆవిడ కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, నిలబడే చదివింది. చదువుతున్నంతసేపూ అతను తన చెప్పుల కేసి చూశాడు.

"ఇంట్లో లేనన్నారా?" నెమ్మదిగా అడిగింది. "నేనెక్కడికి వెళ్తాను బాబూ, కూరలు కూడా బుట్టకి తాడు కట్టి లాక్కునేదాన్ని?" కాగితం మడిచింది. "పగిలింది ముందు గోడ. నా గది వెనక వేపు, రాతి కట్టడం. ఇటు రండి, చూడండి, వెంట్రుకంత గీటైనా ఉందా? మీ ఇంజనీరు మెట్లెక్కితేగా! అడిగితే ఇదే చెబుదును. అడిగారా?"

"అడిగినట్టేనమ్మా... చట్టం ప్రకారం."

"అలాగా. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లందరినీ కలిపాను. అవతల మనిషి హలో అనకుండా కలిపినట్టు ఎప్పుడూ రాసుకోలేదు." నవ్వింది, కానీ ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు. "ఇప్పుడేం చెయ్యాలి? ఏదో ఒక దారి ఉండే ఉంటుంది."

ఉంది. అతనికి తెలుసు. "నోటీసు మీకు అందలేదని తేలితే మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలమ్మా. పదిహేను రోజులొస్తాయి. ఇంజనీరు పైకి రావాలి."

"తేల్చేదెవరు?"

అతను సంచీని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"అయితే మీరొక్క మాట చెప్పండి బాబూ. నేను ఇంట్లోనే ఉన్నానని. అంతేగా? అబద్ధం ఆడమనడం లేదుగా."

"చెబుతానమ్మా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాడు. మెట్లు దిగుతుంటే వేలి కణుపు కొద్దిగా మండింది. ఆ మంట అతనికి బాగుంది కూడా.

ఆఫీసర్ మేడమ్ టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఉంది. మంచి మనిషి. ఎవరినీ కసురుకోదు. అదే అతనికి కష్టమైంది.

"మేడమ్, ఆ పాత మేడ... ఆ పెద్దావిడ తనకి మొదటి నోటీసు అందలేదంటోంది."

మేడమ్ డబ్బా పక్కన పెట్టి, ఫైలు తెరిచి చూసింది. "ఇంట్లో లేదని మీరే రాశారుగా. ఉంటే చెప్పండి. సాయంత్రం పని ఆపేసి మళ్లీ ఇద్దాం, ఏముంది? ఆవిడ ఉందా, లేదా?"

ఎంత తేలిక ప్రశ్న! ఇంటి దగ్గర ఉప్పు ఉందా లేదా అన్నంత తేలిక. అతను నోరు తెరిచాడు. ఆవిడ ఉందంటే, తట్టిన చప్పుడు వినపడలేదనాలి. ఎందుకు వినపడలేదంటే, తట్టిన తీరు చెప్పాలి. ఆ ఒక్క తలుపూ తెరుచుకుంటే దాని వెనక మరో తలుపు, దాని వెనక ఇంకో తలుపు, నగరం పొడవునా ఇన్నేళ్లుగా అతను ఆకు రాలినట్టు తాకి వచ్చిన తలుపులన్నీ వరసగా తెరుచుకుంటాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో మనిషి నిలబడి, ఏమీ అనకుండా, అతని ముఖంలోకి చూస్తూ.

"తలుపు తీయలేదు మేడమ్," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఆ మాటనే పట్టుకుని బయటికి నడిచాడు. నడవాలో గోడకు ఆనుకుని కాసేపు నిలబడితే, ఎవరో పలకరించారు, "ఏంటి జిగురూ, గోడకి నువ్వే అంటుకుపోయావ్?" అని. నవ్వాడు. నవ్వాలి కదా.

సాయంత్రం ఇద్దరు కూలీలు, తాడు, లక్క, కొవ్వొత్తితో వెళ్లేసరికి పెద్దావిడ సిద్ధంగా ఉంది. మేనకోడలు వ్యాను తెచ్చింది. రెండు పెట్టెలు, ఒక పరుపు, కుక్కరు. అంతా కిందికి చేరిపోయింది. "అత్తయ్యా, త్వరగా, వాడు వెయిటింగు అడుగుతాడు," అని మేనకోడలు కేకేసింది.

పెద్దావిడ మెట్ల మీద అతనికి ఎదురైంది. ఏమడుగుతుందోనని అతను గోడకు ఒదిగాడు. ముఖం చూడగానే ఆవిడకు అర్థమైపోయిందని అతనికి తెలిసింది. తెలిసి కూడా, "చెప్పానమ్మా, వాళ్లు వినలేదు," అన్నాడు. ఆ రోజు అతను ఆడిన రెండో అబద్ధం అది.

"పోనీలే నాయనా." అంతవరకూ బాబూ, మీరూ అన్న మనిషి. "కుర్చీ ఒకటి పైన వదిలేశా, వ్యానులో పట్టలేదు. ఆ రోజు నుంచీ దాన్ని తలుపు దగ్గరికి లాక్కుని కూర్చున్నానులే. మళ్లీ వచ్చి వెళ్లిపోతావేమోనని." రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ కిందికి దిగింది. వ్యాను తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వీధి మామూలుగా ఉంది.

లోపల ఎవరూ లేరని చూసి రావడం కూడా అతని పనే. అలవాటు కొద్దీ తట్టబోయి, చెయ్యి దించుకుని, తలుపు తోశాడు. అది సగం తెరుచుకుని దేనికో తగిలి ఆగింది. ఆ సందులోంచే తొంగి చూశాడు. గది ఖాళీ. వెనక గోడ నున్నగా, గీటు లేకుండా ఉంది.

"ఎవరైనా ఉన్నారా?" కింద నుంచి కూలీ అరిచాడు.

"లేరు," అన్నాడు. గొంతు ఎందుకో గట్టిగా వచ్చింది, మేడంతా వినపడేంత.

తలుపు దగ్గరికి లాగాడు. గొళ్లేనికి తాడు చుట్టాడు. ముడి మీద లక్క కరిగి బొట్లుగా పడి, సంస్థ ముద్ర కింద గట్టిపడింది. తలుపుకు అవతల, నేల మీద కాళ్లు ఈడ్చిన గీతల కొసన, కూర్చున్న చోట మడతపెట్టిన పాత దుప్పటితో, వంగితే చెవి ఆనేంత దగ్గరగా, తలుపు వైపు తిరిగి కుర్చీ ఉంది.