ఖాళీ పట్టాల మీద బండి

అక్కని రైల్లో కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, సంచీ కాళ్ళ దగ్గర సర్ది, "జాగ్రత్త" అని ఒక్క మాట అనేసి గబగబా వచ్చేశాను. ఇంకో నిమిషం నిలబడితే ఆ సంగతి చెప్పాల్సి వస్తుందని భయం.

సంగతి ఇది. చూపు తగ్గిన అక్కని దాని కొడుకు తన దగ్గరికి రమ్మన్నాడు. రమ్మనమని వాడికి ఫోన్ చేసి బతిమాలింది నేను. అక్కకి తెలియదు. నెలలో రెండుసార్లు పొయ్యి వెలుగుతుండగానే వచ్చి పడుకుంది. దాని వెనకాలే తిరిగి తిరిగి నేను అలిసిపోయాను. ఇరవై ఆరేళ్ళుగా ఒకే వంటింట్లో బతికినవాళ్ళం. పంపేస్తున్నది నేనేనని ఏ నోటితో చెప్పను?

ప్లాట్‌ఫారం మెట్ల దాకా వచ్చానో లేదో, గూడ్సు షెడ్డు వెనక పిడుగు పడింది. మెరుపూ చప్పుడూ ఒకేసారి. మైకు కీచుమంది. పచ్చగా ఉన్న సిగ్నలు ఎర్రబడింది. పడింది అక్క ఉన్న పెట్టె మీదేననుకుని, అరిగిన మోకాళ్ళతోనే పరుగెత్తాను.

"ఏమే, పోలేదా ఇంకా?" అంది అక్క.

"నువ్వు బానే ఉన్నావుగా?"

"నాకేం? పిడుక్కి కూడా పనికిరాని ముసల్దాన్ని."

సిగ్నల్ మెకానిక్ చూరు కింద నిలబడి రెయిన్‌కోటు తొడుక్కుంటున్నాడు. మూడు రోజుల గడ్డం, నిద్ర లేని కళ్ళు. అక్క ఊరుకుంటుందా?

"ఏం నాయనా, బండి ఎప్పుడు కదులుతుంది?"

"నేను చూసి కబురు చేశాకే పెద్దమ్మా. పట్టాల పక్కన చక్రాల్ని లెక్కపెట్టే పెట్టెలుంటాయి. ఇటు ఎన్ని వెళ్ళాయి, అటు అన్నీ బయటపడ్డాయా అని చూస్తాయి. పిడుగు వాటి మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడితే చాలు, కేబుల్లో కరెంటు ఎగదన్నుతుంది. రాని చక్రాల్ని కూడా లెక్కేసుకుంటాయి. ఇప్పుడు ముందు పట్టాలు ఖాళీ. అయినా అక్కడ బండి ఉందని మొండిపట్టు."

"మా చెల్లెలూ అంతే. పోయినవాళ్ళకి కూడా ఇన్ని బియ్యం ఎక్కువ పోస్తుంది."

అతను అలసటగా నవ్వాడు.

"ఉత్తుత్తిదేనని తెలుసుగా బాబూ, ఆ లెక్క సున్నా చేసెయ్యకూడదూ?" అన్నాను నేను.

"తెలిసినా చెయ్యకూడదమ్మా. మనిషి నడిచి వెళ్ళి, పట్టాల మీద ఏమీ లేదని కళ్ళారా చూసి చెప్పాలి. వాన తగ్గేలా లేదు, వస్తాను."

అతను వానలోకి దిగి పట్టాల వెంట వెళ్ళిపోయాడు. కిటికీకి ఇటు నేను, అటు అక్క. మందుల గురించి చెప్పడం అయిపోయింది. కళ్ళజోడు గురించీ అయిపోయింది. అరగంట గడిచింది. బిస్కెట్ పొట్లం విప్పి అక్క నాకు రెండిచ్చింది. రెండూ కొంగున ముడేసుకున్నాను.

"అక్కా, అబ్బాయికి ఫోన్ చేసింది నేను. నిన్ను తీసుకెళ్ళమని."

అక్క నమలడం ఆపింది.

"సంచీ అందుకో. దిగిపోతాను."

సంచీ కోసం నా చెయ్యి కిటికీ ఊచల్లోంచి లోపలికి వెళ్ళింది. సిగ్గులేని చెయ్యి. దిగితే బాగుండుననిపించింది.

"తియ్యి చెయ్యి," అంది అక్క. "దిగి ఏం చెయ్యను? మళ్ళీ పొయ్యి దగ్గర దొంగలా నా వెనకాల నిలబడతావు. కనబడదనుకున్నావేమో, నీ ఊపిరి వినబడేది."

"అలిసిపోయానక్కా."

"ఆ మాట నాకు చెప్పాలి. వాడికి కాదు. ఎదురుగా చెప్పలేకపోతే పక్కగదిలోంచి నాకే ఫోన్ చెయ్యాల్సింది. వారం ముందు చెప్పుంటే తీరిగ్గా పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు చెప్తావా, బండెక్కించాక?"

ఎదురు సీటావిడ మొహం అటు తిప్పుకుంది. మెకానిక్ నుంచి కబురొచ్చినట్టుంది, స్టేషన్ మాస్టరు గదిలోకి పరుగెత్తాడు. సిగ్నలు పచ్చబడింది. బండి ఒక కుదుపుతో కదిలింది.

"ఉండవే, నేననేది ఇంకా అవ్వలేదు! చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు..."

వాన చప్పుడులో సగం వినబడలేదు. వినబడిన సగమూ తిట్లే. తల ఊపుతూ పెట్టె పక్కన నడిచాను, మోకాళ్ళు సాగినంత దూరం.