షోకేసులో సముద్రం

కువైట్‌లోకి ఇరాకు సైన్యం వచ్చి ఇరవై రోజులైనా, అంకాలమ్మ ఆ ఉదయం కూడా షోకేసు తుడిచింది.

తుడవమని చెప్పింది మామా, ఆ ఇంటి యజమానురాలు. జూలైలో పిల్లలతో, భర్తతో సముద్రపొడ్డున ఉన్న ఇస్కందరియాకు బయలుదేరే ముందు ఇల్లంతా తిప్పి మరీ చెప్పింది. తెరలు వారానికొకసారి దులపాలి. మొక్కలకు రెండు పూటలా నీళ్లు పోయాలి. షోకేసు మాత్రం రోజూ తుడవాలి, ఒక్కో వస్తువూ తీసి, తుడిచి, తీసినచోటే పెట్టాలి. గేటు ఎవరు కొట్టినా తీయకూడదు. కారెక్కబోతూ అంకాలమ్మ భుజం మీద చెయ్యేసి, "ఇల్లు వదిలి ఎక్కడికీ పోకు అంకాలా. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అంది.

ఆ తర్వాత రెండు వారాలు తిరగకుండానే వాళ్లుండే ఫహాహీల్ వీధుల్లో ట్యాంకులు తిరిగాయి. బయటి దేశాల ఫోన్లు తెగిపోయాయి. అంకాలమ్మ రోజుకు నాలుగైదుసార్లు రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకునేది. మామా గొంతు వినపడితే, "ఇంక నువ్వు పో" అంటుందేమోనని ఆశ. ఏమీ వినపడేది కాదు. పెట్టేసి మళ్లీ గుడ్డ పట్టుకునేది.

ఆ షోకేసు నిండా సముద్రమే. ఏటా ఎండాకాలం మామా వాళ్లు ఇస్కందరియాకు పోయి తెచ్చినవి. పై అరలో ఇత్తడితో చేసిన చిన్న కోట. దాని పక్కన ఎర్రరాతి స్తంభం బొమ్మ, అరచేతంత మట్టిదీపం, రంగుల పడవ. కింది అరలో ఫొటోలు: తోటలో పిల్లలు, రాతి మెట్ల మీద పిల్లలు, వంతెన మీద పిల్లలు. ఫొటోల వెనక బొమ్మల పుస్తకం ఒకటి, ఆ తీరం వెంట చూడాల్సిన చోట్లన్నీ అచ్చేసింది.

అంకాలమ్మ కూడా మూడేళ్లు వరసగా ఇస్కందరియాకు పోయింది. పోయింది గానీ చూడలేదు. ఐదో అంతస్తులో అద్దె ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే ఎదుటి మేడ వెనకగోడ, దాని మీదుగా ఉప్పు వాసన. పొద్దున్నే మామా ఆ బొమ్మల పుస్తకం తెరిచి ఈ రోజు ఎక్కడికో చెప్పేది. దాన్నిబట్టి అంకాలమ్మ డబ్బాలు సర్దేది. కోట చూసే రోజు ఉడకబెట్టిన గుడ్లు, రొట్టెలు. తోటలకు పోయే రోజు మాంసం, బొగ్గులు, చాపలు. నది వచ్చి సముద్రంలో కలిసే ఊరికి పోయే రోజు మాత్రం ఖాళీ బుట్టలు చాలు, అక్కడ ఖర్జూరాలు దొరుకుతాయి. సాయంత్రం వాళ్లు ఎర్రగా కమిలి, నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. అంకాలమ్మ బట్టలు నానబెట్టేది. కోట నుంచి వచ్చిన బట్టల అంచులకు ఉప్పు చారలు, తుప్పు మరకలు. పాతకాలపు రాతి మెట్ల నుంచి వచ్చినవాటికి తెల్లటి సున్నపు దుమ్ము. తోటలవైతే మోకాళ్ల దగ్గర పచ్చిక మరక, నిమ్మకాయ రుద్దితే గానీ పోదు. వేల ఏళ్ల నాటి ఆ తీరమంతా అంకాలమ్మకు మరకల లెక్కన తెలుసు. కళ్లు మూసి గౌను చేతికిచ్చినా పిల్ల ఏ గోడకు ఆనుకుందో చెప్పగలదు.

ఒక్కసారి అడిగింది, రెండో ఏడు. "మామా, నేనూ వస్తా. పిల్లల్ని ఎత్తుకుంటా." మామా కసిరే మనిషి కాదు. అంకాలమ్మకు జ్వరమొస్తే తానే వచ్చి నుదుటికి మందు రాసి, దుప్పటి కప్పి పోయిన మనిషి. ఆ రోజు కూడా నవ్వుతూనే అంది. "నువ్వేం చూస్తావు అంకాలా, అన్నీ పాత రాళ్లు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా." ఆ సాయంత్రం ఆఖరి పిల్ల ఒక పెద్ద గవ్వ తెచ్చి, "ఇది నీకు, చెవి దగ్గర పెట్టుకో" అని చేతిలో పెట్టింది. మామా చూసి, "నీ గదిలో పెడితే పగులుతుంది, నా దగ్గరైతే భద్రం" అని తీసుకుంది. అప్పటి నుంచి ఆ గవ్వా షోకేసులోనే ఉంది. అంకాలమ్మ తన గవ్వను రోజూ తుడిచి మామా వస్తువుల మధ్య పెడుతుంది.

ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఈ మాట మామా దగ్గర పుట్టింది కాదు. రాయచోటి పక్క పల్లెలో పద్నాలుగేళ్లకు కాపురానికి పోయినప్పుడు మొదట విన్నది. గండి తిరునాళ్లకు అందరూ బండి కట్టుకుంటే అత్త అంది, "ఎనుములకు నీళ్లెవురు పెడతారు? ఎవురో ఒకరుండాల గదమ్మే." చెల్లెలి పెళ్లికి ముందురోజే పోతానంటే మొగుడు రామసుబ్బయ్య అన్నాడు, "తాళి కట్టేపొద్దుకు పోతే సాల్దా? ఇంటికాడ ఎవురుంటారు?" తాళి కట్టే పొద్దు దాటాకే చేరింది. ఇంటికి కావలి కాసేది తనే అయినా, ఇల్లు తనదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. తీరా మూడేళ్ల బిడ్డను అత్త చేతిలో పెట్టి తనను కువైట్‌కు పంపేటప్పుడు మాత్రం, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్న మాట ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఏడేళ్లుగా మొగుడి గొంతు క్యాసెట్లలోనే వస్తోంది. ఆ గొంతు వెనక కోడి కూత, గిలక చప్పుడు. "నీకేంలేమ్మే, ఎండాకాలమొస్తే సముద్రాల ఎంబడి తిరుగుతాండావు. నాకీడ బాయిగట్టు తప్ప ఏముండాది? నీ క్యాసెట్టు టీ అంగట్లో పెడితే నలుగురూ నోరు తెరుచుకొని ఇన్న్యారు." విన్నారంటే తప్పు అంకాలమ్మదే. మొదటిసారి ఇస్కందరియా నుంచి తిరిగొచ్చాక, క్యాసెట్‌లో ఏం చెప్పాలో తోచక, బొమ్మల పుస్తకం ముందేసుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, ఆ చోట్లన్నీ తాను తిరిగినట్టే చెప్పేసింది. వంటింట్లో నిలబడ్డానని చెప్తే బిడ్డ ఏమనుకుంటుందోనని మొదలుపెట్టిన అబద్ధం. ఏటా ఒక క్యాసెట్టు పెరిగింది. కూతురు శివపార్వతి పోయిన ఉగాదికి పంపిన దాంట్లో అడిగింది: "అమ్మా, నువ్వు పోయింది మధ్యధరా సముద్రమంట, మా సోషలు పుస్తకంలో ఉండాది. మా అయ్యవారికి చెప్పినా. నిన్నొక మాట అడగమన్న్యాడు. ఆ కోట పైకెక్కి చూస్తే ఏం కనపడతాది?"

దానికి జవాబు పుస్తకంలో లేదు. బొమ్మలన్నీ కింద నుంచి తీసినవే. అంకాలమ్మ ఆ తర్వాత క్యాసెట్టే పంపలేదు.

"అంకాలక్కా! ఓ అంకాలక్కా!"

పెరటి గోడ అవతల నుంచి పిలుపు. పక్కింట్లో పనిచేసే కుల్సుమ్ బీ. ఆమెదీ రాయచోటే. ఆరేళ్లుగా ఇద్దరి స్నేహమూ ఆ గోడ మీదే. బోర్లించిన బకెట్ ఎక్కితే ఒకరికొకరు గడ్డం దాకా కనపడతారు. అంకాలమ్మ బకెట్ ఎక్కింది.

"సాల్మియా ఇస్కూలుకాడ్నించి రేపు బస్సులు పోతాండాయంట. బస్రా, బాగ్దాదు, ఆడ్నించి అమ్మాను. అమ్మాన్లో మన ఇమానం. ఖాజా హుస్సేన్ యాను తెస్తాండాడు, పొద్దున పదింటికి. నాకూ నీకూ చోటు పెట్టమన్న్యా."

"నువ్వు పోతాండావా?"

"ఉండి ఏం జేసేది? మా ముసలామె నిన్న సౌదీకి పోతా నా పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. ఏడ్సింది పాపం, రొట్టెలు గూడా కట్టిచ్చింది. నీది యాడుండాది?"

"మామా బీరువాలో."

"తీసుకో మల్ల."

"తాళం మామా కాడుంటాది."

"సుత్తి నీ కాడుంటాది గదా."

"ఇల్లు వదిలి పోవద్దన్నెది కుల్సుమూ."

కుల్సుమ్ బీ గోడ మీదికి ఇంకాస్త వంగింది. "అక్కా, దేశం పోయింది. వాళ్ల రాజే ఉండలేక యల్లిపాయ. నువ్వు షోకేసు తుడుస్తా ఉండావు" అంది మెల్లగా. "కాగితం లేనోళ్లు గూడా వస్తాండారంట, యాడ నిలబెడతారో ఏమో. ఉంటే మేలు. పదింటికి గేటుకాడుండు. ఆయన ఆగడు, ఎనకాల ఇంకా నాలుగిండ్లుండాయి." కిందికి దిగబోయి మళ్లీ తల ఎత్తి, వేడి రొట్టె ఒకటి గోడ మీద పెట్టి పోయింది.

అంకాలమ్మ రొట్టె పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుంది. పోతే మామా ఏమంటుంది? యుద్ధం ఆగి వాళ్లు తిరిగొస్తే, పని పోతుంది. రామసుబ్బయ్య ఏమంటాడు? "నాలుగు దినాలు ఓపిక పట్టింటే పోయేది గాదా?" అంటాడు. పోకపోతే ఏమవుతుంది? మొన్న నడివయసు సైనికుడొకడు గేటు దగ్గర నిలబడి దాహమని సైగ చేశాడు. గేటు తీయకుండా ఊచల సందులోంచి గొట్టంతో నీళ్లు పట్టింది. అతను దోసిలి పట్టి తాగి, జేబులోంచి రెండు టమాటాలు తీసి గేటు దిమ్మె మీద పెట్టి పోయాడు. రేపు వచ్చేవాడు టమాటాలే తెస్తాడని ఎవరు చెప్పగలరు? ఇన్నాళ్లూ తాను ఇల్లు కాస్తున్నాననే అనుకుంది. తనను కాసేందుకు ఎవరున్నారన్న ఆలోచన ఆ పూటే మొదటిసారి వచ్చింది. వచ్చాక రొట్టె తినబుద్ధి కాలేదు. అయినా కుల్సుమ్ బీ ఇచ్చిందని తింది.

మర్నాడు ఎనిమిదింటికి మాంసం చితక్కొట్టే సుత్తి, స్క్రూడ్రైవరు పట్టుకుని మామా పడకగదిలోకి పోయింది. ఇనప బీరువా. దాని పిడిని ఏడేళ్లుగా రోజూ తుడిచింది. తన ముఖం అందులో సాగి కనపడేలా తుడిచింది. ఎడం చేత్తో పిడి పట్టుకుంది, కుడి చేత్తో సుత్తి ఎత్తింది. పట్టు కోసం పిడిని గట్టిగా కిందికి లాగింది.

బీరువా తెరుచుకుంది.

తాళం వెయ్యలేదు. అంకాలమ్మ సుత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. ఈసారే మరిచిపోయిందా? గుర్తుచేసుకుంది. మామా బీరువాకు తాళం వేయడం ఏడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. 'నీ పాస్‌పోర్టు నా బీరువాలో భద్రం' అన్నదే గానీ, తాళం ఉందని ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

సుత్తిని మంచం మీద మెల్లగా పెట్టింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పై అరలో చీటీల కింద పాస్‌పోర్టు దొరికింది. లోపల ఇరవై ఏడేళ్ల అంకాలమ్మ, భయంగా కెమెరా వైపు చూస్తూ. పేజీలు తిప్పింది. ఇస్కందరియాకు పోయిన మూడేళ్ల ముద్రలూ ఉన్నాయి, వచ్చినట్టూ పోయినట్టూ. విమానాశ్రయాల్లో మామా చేతిలోనే ఉండేది కాబట్టి ఇప్పటిదాకా చూడలేదు. ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే, ఈమె మూడుసార్లు ఆ తీరం చూసి వచ్చిందనే అనుకుంటారు. క్యాసెట్లలో తాను చెప్పిన అబద్ధానికి సర్కారు ముద్ర పడి ఉంది.

దాన్ని చూస్తుంటే ఇంక ఆ అబద్ధం అక్కర్లేదనిపించింది. బిడ్డకు ఏం చెప్పాలో అక్కడే, మామా మంచం పక్కన నిలబడే అనుకుంది. 'పార్వతీ, ఆ కోట నేను ఎక్కలా. ఎక్కినోళ్ల బట్టలు ఉతికినా. పైనుంచి ఏం కనపడతాదో నాకు తెలీదు. పోయి చూద్దామే ఒకతూరి, నువ్వూ నేనూ.'

మొక్కలకు మామూలు కంటే ఎక్కువసేపు నీళ్లు పట్టింది. షోకేసు తెరిచి గవ్వ తీసుకుని, పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇత్తడి కోటను గానీ, మట్టిదీపాన్ని గానీ ముట్టుకోలేదు. గవ్వ ఉన్నచోటు ఖాళీగా వదిలేసింది, పక్కవాటిని జరపలేదు.

తలుపుకు బయటి నుంచి తాళం వేస్తుంటే చేతికి తిప్పడం రాలేదు. ఇన్నేళ్లలో ఆ తలుపు లోపలి గడియ వేసిందే గానీ, బయట నిలబడి తాళం తిప్పే పని ఎప్పుడూ పడలేదు. రెండోసారికి పడింది. మామా వెతికితే దొరికేలా తాళంచెవిని మల్లె కుండీ కింద పెట్టింది.

పదింటికి వ్యాను వచ్చింది. ఖాజా హుస్సేన్ దిగకుండానే, "యల్లా, యల్లా, ఎక్కండమ్మా" అన్నాడు. కుల్సుమ్ బీ పక్కకు జరిగి చోటిచ్చింది. అంకాలమ్మ ఒళ్లో సంచి చూసి, "దొరికిందా?" అంది.

"ఆఁ."

"పగలగొట్టినావా?"

అంకాలమ్మ తల అడ్డంగా ఊపింది. వ్యాను కదిలింది. కాసేపటికి కుల్సుమ్ బీ అడిగింది. "మీ మామా తిరిగొచ్చి, ఇల్లొదిలి ఎందుకు పోతివంటే ఏం చెప్తావక్కా?"

అంకాలమ్మ వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. కిటికీ తెరలు దింపి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

ఇల్లు నిలబడే ఉంది.