అతిథి అడిగిన పొయ్యి

మంచి కబురు వచ్చిన వేళకి కున్నెయ్ అతిథుల కుర్చీలో కూర్చుని, అతిథుల కప్పులో టీ తాగుతోంది. అది ఆమె అత్తవారిల్లే. పెళ్లయి రెండు వారాలు దాటింది. అయినా ఆమె ఇంకా కోడలు కాలేదు.

పుట్టింటి నుంచి తెచ్చిన మూడు పుల్లలతో అత్తవారి పొయ్యి ముట్టిస్తేనే కోడలు. పుల్లలు సంచిలో సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఏటి అవతల టైగా అడవి తగలబడుతోంది. ఉత్తరాది మంచుసీమ యాకుటియాలో ఆ జిల్లా అంతటా అగ్గిపుల్ల గీయడం నిషేధం. అందుకని అత్తగారు మాప్పా ఆమెను గిన్నె కడగనివ్వదు, ఆవు దగ్గరికి పోనివ్వదు. రోజూ సాయంత్రం మర్యాదగా, "మళ్లీ ఎప్పుడొస్తారు మా ఊరు?" అని అడుగుతుంది. మొగుడు ఎర్చిమ్‌కి గడ్డిపాకలో పడక. పొద్దున్నే జుట్టునిండా గడ్డిపరకలతో కిటికీ అవతల నిలబడి నవ్వుతాడు. పొగలో పళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ పళ్లు చాలు, కున్నెయ్‌కి ఆ పూట గడిచిపోతుంది.

పొగ అంత చిక్కగా ఉంది మరి. గుద్దుకోకుండా ఉండాలని జనం ఎవరి పేరు వాళ్లే అరుచుకుంటూ నడుస్తున్నారు. కోళ్లు మిట్టమధ్యాహ్నమే గూళ్లకు చేరుతున్నాయి. విమానం దిగలేక ఊళ్లో పిండి అడుగంటింది. దగ్గే ముసలివాళ్లను పడవల్లో పట్నం పంపేశారు. అడవి కాలిపోయిన ఎలుగుబంటి ఒకటి గ్రంథాలయం మెట్ల మీద కాపురం పెట్టింది. పుస్తకాలు కావలసినవాళ్లు కిటికీలోంచి దూరుతున్నారు.

ఏం తిన్నా మొదటి ముద్ద పొయ్యిలోని నిప్పుతాతకు పెట్టడం అక్కడి ఆచారం. నిప్పు లేక మొన్న మాప్పా ఆయన కోసం కరెంటు పొయ్యి మీద వెన్న వేసింది. వీధంతా కరెంటు పోయింది.

"ప్రొకొపీ, ప్రొకొపీ" అని తన పేరే అరుచుకుంటూ మంటలార్పే దళం పెద్ద లోపలికొచ్చాడు.

"అక్కా, మంచి కబురు. గాలి మళ్లింది. ఎదురుమంట పెట్టుకోమన్నారు. రేపు పచ్చిక అంచున మనమే కొంతమేర కాల్చేస్తే, అడవిమంట వచ్చేసరికి దానికి తినడానికేం ఉండదు. ఊరు దక్కుతుంది."

"ఆ చేత్తోనే నా పొయ్యీ ముట్టించనియ్యి. ఈ అమ్మాయి ఎదురుచూస్తోంది," అంది మాప్పా.

"ఇంట్లో కుదరదక్కా. ఒక్క పచ్చిక అంచునే."

"పచ్చికలో ముట్టిస్తే పచ్చికకి కోడలవుతుంది. నాకెలా అవుతుంది?"

కిటికీలోంచి తల దూర్చి వింటున్న ఎర్చిమ్ ముఖం వాడిపోయింది. మంచు పడేదాకా నిషేధం ఉంటుంది. "గడ్డిపాకలో చలి మొదలైందమ్మా," అన్నాడు.

"ఆవు పక్కన పడుకో."

కున్నెయ్ కప్పు కింద పెట్టింది. లోపల నవ్వొస్తోంది.

"అత్తయ్యా, నేను అతిథినేగా?"

"ముట్టించేదాకా అంతేగా తల్లీ మీరు."

"అతిథి ఏదడిగినా కాదనకూడదు కదా?"

"కూడదు. మా ఆయన బొచ్చుటోపీ అలాగే పోయింది. ఏం కావాలి మీకు?"

"మీ ఇనప్పొయ్యి. పొగగొట్టంతో సహా."

ప్రొకొపీ గట్టిగా దగ్గాడు. అది పొగ వల్ల వచ్చిన దగ్గు కాదు.

"ఏం చేసుకుంటారు దాన్ని?"

"పచ్చిక అంచుకి పట్టుకెళ్తాను. మీ పొయ్యి ఎక్కడుంటే అదేగా మీ ఇల్లు. అందులో నా పుల్లలు ముట్టిస్తాను. ఆ నిప్పుతోనే ప్రొకొపీ బాబాయ్ ఎదురుమంట పెట్టుకుంటాడు."

"దళంలో లేనివాళ్లు నిప్పు పెట్టకూడదమ్మా," అన్నాడు ప్రొకొపీ.

"అయితే చేర్చుకో," అంది మాప్పా.

"హెల్మెట్ తప్పనిసరి అక్కా. ముట్టించేటప్పుడు పెళ్లికూతురు పెట్టుకోవాల్సిన వెండి కిరీటం..."

"కిరీటం మీద హెల్మెట్ పెడుతుంది. నీకేంటి నొప్పి?"

మాప్పా పొయ్యిని చూసింది, తర్వాత కున్నెయ్‌ని చూసింది. అడగకుండానే ఆమె ముందున్న అతిథుల కప్పు తీసి అలమరలో పెట్టేసింది.

"రేపు తెల్లారగానే ట్రాక్టరు తీసుకురా ప్రొకొపీ. పొయ్యి ఎత్తడానికి నలుగురు గట్టివాళ్లు కావాలి. ఎర్చిమ్, గొట్టం నువ్వు మోయి. ఉన్న పిండితో నేను అట్లు పోసి తాతకి పెడతాను, కడుపు నిండితే ఆయన అడవి జోలికి పోడు." తర్వాత కున్నెయ్ వైపు తిరిగింది. "ముట్టించి రాగానే ఆవుని పితుకుదువుగాని. రేపట్నుంచి గిన్నెలు నేను ముట్టను."