సరస్సు మీద పరిచిన చలికాలం

రొట్టెల పిండి పొంగడానికి గున్‌హిల్డ్ దాన్ని పొయ్యి దగ్గర పెట్టదు. పెద్దగదిలో, భర్త ఎస్కిల్ గీసిన గడ్డికోతల బొమ్మ కింద పెట్టి గుడ్డ కప్పుతుంది. ఆ బొమ్మలో కాసేది జూలై ఎండ. కాఫీ మరిగేలోపు పిండి గుడ్డను నెత్తిన పెట్టుకుని లేస్తుంది. వెన్న మాత్రం పాలగదిలో, మంచు కమ్మిన గుడిదారి బొమ్మ కింద ఉంటుంది. ఎస్కిల్ గీసిన ఎండ కాస్తుంది, గీసిన మంచు గడ్డకట్టిస్తుంది. సిల్యాన్ సరస్సు ఒడ్డున అది అందరికీ తెలిసిన సంగతే. స్వీడన్ మొత్తంలో అంతటి చిత్రకారుడు లేడని పత్రికలు రాసేవి. స్టాక్‌హోమ్ పెద్దమనుషులు అతని బొమ్మలు చూడడానికి నడివేసవిలోనూ ఉన్నికోట్లు తొడుక్కుని వచ్చేవారు. పొరుగింటి బ్రీటకు కావలసింది వేరు.

“ఏమే గున్‌హిల్డ్, పందిని కోశాం. మాంసం చెడకుండా మీ ఆయన జనవరిని రెండ్రోజులు ఇస్తావా?”

“పోయినసారి కొవ్వు మరక చేసి తెచ్చావు.”

“మబ్బులా కుదిరిందని ఆయనే మురిసిపోయాడు కదే!”

అలా నవ్వుకుంటూ గడిచే ఇంట్లో, ఆ ఏప్రిల్ ఉదయం ఎవరూ నవ్వలేదు. పురిటికి వచ్చిన కూతురు మాలిన్‌కు తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని బ్రీట చెయ్యి పెట్టి చూసి చెప్పింది. అల్లుడు యెర్క్ మంత్రసాని హుల్డాను తేవడానికి మంచుబండికి గుర్రాన్ని కట్టుకుని, గడ్డకట్టిన సరస్సు మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళాడు. వెళ్ళిన కాసేపటికే పొగమంచు దిగింది.

పొగమంచైనా భయం లేదు. చలికాలం మొదట్లోనే ఊరి మగవాళ్ళు సరస్సు మీద దారి పొడవునా గుర్తుగా జునిపర్ పొదల కొమ్మలు పాతుతారు. కొమ్మలు ఎటు తిరిగితే గుర్రం అటు తిరుగుతుంది. ఎస్కిల్ ఇంటి ముందు ఎడమపక్కన వాగు వచ్చి సరస్సులో కలిసేచోట మంచు ఎప్పుడూ పల్చనే. అందుకని కొమ్మల వరుస అక్కడికి రాకముందే, ఇంటి నుంచి చూస్తే కుడివైపుకు మళ్ళుతుంది.

“అమ్మా, గంటలు వినిపిస్తున్నాయా?” మాలిన్ పళ్ళ బిగువున అడిగింది.

వినిపిస్తున్నాయి. గుర్రం మెడలో గంటలే. కిటికీ దగ్గరున్న ఎస్కిల్ మాత్రం కదలలేదు.

“ఎడమ నుంచి వస్తున్నాయి” అన్నాడు.

“ఎడమ నుంచి ఎలా వస్తాయి? అటు వాగు కదా!” అంది గున్‌హిల్డ్.

అతని ముఖంలో రక్తం లేదు. గున్‌హిల్డ్‌ను నడవలోకి లాగి గొంతు తగ్గించాడు. “మలుపు దగ్గర రెండు కొమ్మలు మొన్న పీకేశాను. బొమ్మకు అడ్డొచ్చాయి. మళ్ళీ పాతుదామనుకుని... మరిచిపోయాను.”

గున్‌హిల్డ్ అతని వంక చూసింది. తిట్టడానికి కూడా వ్యవధి లేదు.

“కేకేసి ఆపుతాను” అని అతను తలుపు తీయబోయాడు.

“ఆపుతావా? పల్చటి మంచు మీద నిలబడిన గుర్రం నిలబడినచోటే దిగిపోతుంది. పరుగు ఆగకూడదు. నోరు మూసుకుని నాతో రా.”

బొమ్మలగదిలో ఓ గోడంతా ఆక్రమించిన పటం ఉంది. గడ్డకట్టిన సిల్యాన్. మూడు చలికాలాల పని. స్టాక్‌హోమ్ ప్రదర్శనలో దాని కోసమే ఒక గోడ ఖాళీగా ఉంచారు. పక్కనే చెక్కపెట్టె సిద్ధంగా ఉంది.

“ఆ కొస పట్టు.”

“గున్‌హిల్డ్, ఇది...”

“లోపల నీ కూతురు. మంచు మీద దాని మొగుడు. పట్టు, ఎస్కిల్.”

పట్టాడు. చట్రానికి వేళ్ళు అంటుకుపోతున్నాయి. ఒడ్డున పటాన్ని బోర్లించి, ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, పడవను నీళ్ళలోకి తోసినట్టు వాగు మంచు మీదికి తోశారు. మంచు బూడిదరంగులో ఉంది. దాని కింద నీళ్ళు కదలడం కనిపిస్తోంది. పటం జారుతూ పోయి మధ్యలో ఆగింది. గున్‌హిల్డ్ కళ్ళు మూసుకుంది. ప్రార్థనలో ‘తండ్రీ’ దాటి మాట ముందుకు రాలేదు.

గంటలు దగ్గరయ్యాయి. ఎక్కడో మంచు పగిలిన చప్పుడు. ఎస్కిల్ నోరు తెరిచాడు. ఆమె అరచేత్తో ఆ నోరు మూసేసింది.

పటం అంచుల నుంచి తెలుపు పాకసాగింది, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు. బూడిదరంగు మంచు కిటకిటలాడుతూ బిగుసుకుంది. పొగమంచులోంచి గుర్రం మూతి, ఆవిరి, యెర్క్ టోపీ ఒక్కసారిగా బయటపడ్డాయి. డెక్కలు పటం వీపు మీద ఢమఢమలాడాయి. బండి ఎగిరిపడి ఒడ్డెక్కింది.

“దారి మధ్యలో తలుపు పరిచిన మహానుభావుడెవరు?” హుల్డా దవడ పట్టుకుని అరిచింది. “నాకున్నవే నాలుగు పళ్ళు!” అప్పుడు వాళ్ళిద్దరి ముఖాలు చూసి బండి దిగింది. “సరే, పిల్ల ఎక్కడ?”

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కాళ్ళు ముందు పెట్టి వచ్చింది, ఏడ్చుకుంటూ వచ్చింది.

మంచు కరిగే రోజుల్లో సరస్సు మీద నడవడానికీ లేదు, పడవ వేయడానికీ లేదు. అందుకని బాప్తిస్మం వేసవి మొదట్లో వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా ఆగింది. ఆ ఆదివారం ఊరివాళ్ళంతా, చర్చికి వెళ్ళడానికి అందరూ కలిసి తెడ్లు వేసే పొడవాటి గుడిపడవలో బయలుదేరారు. సరస్సంతా నీలంగా కదులుతోంది. వాగు దగ్గర, పటం పరిచినచోట మాత్రం రెండు తలుపులంత మంచు, చెక్కు చెదరకుండా, తెల్లగా. పడవ దాన్ని చుట్టి వెళ్ళింది. బ్రీట చెయ్యి చాచి ఓ ముక్క విరిచి చప్పరించింది.

ఊరికి పేరు తెచ్చినవాడని ఎస్కిల్‌ను ఎవరూ ఎన్నడూ తెడ్డు పట్టమనలేదు. ఎప్పుడూ పడవ ముక్కున కూర్చుని వెలుగును చూస్తూ వచ్చేవాడు. ఆ రోజు నడిచి వచ్చి యెర్క్ పక్కన ఆగాడు.

“కాస్త జరుగు, అబ్బాయ్.”

“మీరెందుకు మామయ్యా, చేతులు పాడవుతాయి.”

“పాడవనీ.”

యెర్క్ జరిగాడు. తెడ్డు వేసేవాళ్ళు పడవ వెనక వైపుకే ముఖం పెట్టి కూర్చోవాలి. వెనక గున్‌హిల్డ్ ఒళ్ళో మనవరాలుంది. గుడి వచ్చేదాకా అతను ఆ పిల్లను తప్ప ఇంకేమీ చూడలేదు.