వైర్ల జడ

ఆ పొద్దుటి రెండో కంప్యూటర్ పెట్టెను పక్కకు పడుకోబెట్టి, లోపలి వైర్లను అతను ముందుగా వేళ్ళతో దువ్వాడు. మూడు పాయలు తీశాడు. కుడి పాయ నడుమకి, ఎడమ పాయ నడుమకి, మళ్ళీ కుడి పాయ నడుమకి, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే అతను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉన్నాడు. కొస దగ్గరికి వచ్చాక చొక్కా జేబులోంచి నల్ల రబ్బరు తీసి రెండు చుట్లు చుట్టాడు. ఆడపిల్లలు జడకి పెట్టుకునే రబ్బరే. మిగతా దుకాణాల్లో ప్లాస్టిక్ పట్టీ వేసి బిగించి, కొస కత్తిరించి పారేస్తారు. ఆ పట్టీలు వైరు తొక్కను కోసేస్తాయని ఇతని పట్టుదల. అందుకే ఆ వీధిలో అందరూ అతన్ని జడల మాస్టారంటారు. అతనికి ఇంకో పేరుందన్న సంగతి జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

యాభై ఏళ్ళ మనిషి. బల్ల మీదికి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. కళ్ళజోడుకి మెళ్ళో తాడు. కుడి బొటనవేలి గోరు మాత్రం కొంచెం పొడుగ్గా ఉంచుతాడు, ప్లగ్గుల నొక్కులు విప్పడానికి. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, తర్వాత కంప్యూటర్లు. వస్తువులు మారాయి గాని అతను కూర్చునే ఎత్తుపీట మారలేదు.

పొద్దున్నే వచ్చిన ఒకాయన ఎదురుగా నిలబడి తొందరపడుతున్నాడు.

"కరెంటు సప్లై డబ్బా ఒక్కటి మార్చేయండి మాస్టారూ. వైర్లు పాతవే ఉండనివ్వండి. మళ్ళీ అంతా విప్పడం ఎందుకు?"

అతను స్క్రూడ్రైవర్‌తో గోడ వైపు చూపించాడు. అక్కడ అట్టముక్క మీద అతని గుండ్రటి రాత: పాత సప్లై వైర్లు కొత్త సప్లైకి పెట్టరాదు.

"బాగానే దూరతాయి కదండీ?"

"దూరతాయి. అదే చిక్కు. దూరకపోతే ఏ గొడవా లేదు. డిస్కు వైపు కొస అందరిదీ ఒకటేనండి. డబ్బా వైపు కొస ఏ కంపెనీ వాడిది వాడిదే. ఐదు ఓల్టులు రావాల్సిన చోట పన్నెండొస్తాయి, డిస్కు మాడిపోతుంది. ఇంక మీ ఇష్టం."

పద్నాలుగేళ్ళుగా చెబుతున్న మాట. నిద్రలో లేపి అడిగినా ఒక్క అక్షరం తప్పకుండా చెబుతాడు.

పదీ పదికి ఫోన్ మోగింది. చెల్లెలు.

"మళ్ళీ ఆగిపోయింది అన్నయ్యా."

"ఎక్కడ?"

"వాన దగ్గరే. నాలుగోసారి. వాన మొదలవగానే మొత్తం ఆరిపోతోంది. ఐదింటికల్లా పంపించాలి. ఐదు దాటితే తీసుకోరు."

ఆమె పదిహేను నెలలుగా చేస్తున్న రెండు నిమిషాల బొమ్మల చిత్రం అది. బస్సులో ఎవరో మరిచిపోయిన గొడుగు తనంతట తాను నడుచుకుంటూ ఇల్లు చేరుతుంది. అంతే కథ. దూరపు ఊళ్ళో పెద్ద స్టూడియో ఒకటి అలాంటివి చూసి ఉద్యోగానికి పిలుస్తుంది. ఆమెకి ముప్పై తొమ్మిది. నలభై దాటినవాళ్ళవి వాళ్ళు చూడరు. చివరి నలభై సెకన్ల వాన ఒక్కటే మిగిలింది, గొడుగు ఆనందంగా తెరుచుకునే చోటు. ఆ చినుకులన్నింటినీ లెక్కగట్టి గీయడానికే ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుంది. దానికి పాత సప్లై సరిపోతుందిలే అన్నవాడు ఇతనే.

సరిపోలేదు. కార్డు ఒక్కటే మూడొందల ఇరవై వాట్లు తాగుతుంది. వాన లాంటి కష్టమైన పని తగిలితే రెప్పపాటులో అంతకి రెట్టింపు లాగుతుంది. ఐదొందల యాభై వాట్ల పాత డబ్బా ఆ గుంజుడికి తట్టుకోలేక తనని తాను ఆపేసుకుంటోంది. ఇది ముందే తోచవలసింది. ఇంటి మనిషి పని కదా అని లెక్క వేయకుండా నోటిమాటగా చెప్పాడు.

దుకాణం మేడమ్ బల్ల దగ్గరికి వచ్చి విషయం విన్నది. పైఅరలోంచి మెరుపుల బొమ్మలున్న పెట్టె ఒకటి దించింది.

"వెయ్యి వాట్లు మాస్టారూ. ఇదైతే ఇంక తిరుగుండదు."

అతను దాన్ని అరచేతిలో ఎత్తి చూసి వెంటనే దింపేశాడు. "వెయ్యి అని అట్ట మీద ఉందండి, లోపల లేదు. చాలా తేలిక. లోపల రాగి ఉంటే ఇంత తేలిగ్గా ఉండదు."

రెండోది ఏడొందల యాభై. మంచిదే. కళ్ళజోడు సర్దుకుని పక్కనున్న చీటీ చదివాడు. పన్నెండు ఓల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో అదొక్కటే చూశాడు, మిగతా అంకెలన్నీ పెళ్ళిచూపుల మాటలు. మామూలు రోజుకి సరిపోతుంది. వాన రోజుకి కాస్త ఇరుకు. మళ్ళీ సరిపోతుందిలే అనడానికి నోరు రాలేదు.

మూడోది ఎనిమిదొందల యాభై. బరువుగా ఉంది. కార్డుకి విడివిడిగా మూడు వైర్లు ఇచ్చారు. ఒకే వైరుని చీల్చి రెండు ప్లగ్గులు చేసే పిసినారితనం లేదు. క్షణకాలపు గుంజుళ్ళకి తట్టుకుంటుందని కంపెనీవాళ్ళు రాసుకున్నారు. కిందటి నెల ఇదే బల్ల మీద తట్టుకోవడం అతను కళ్ళారా చూశాడు కూడా.

"ఇదండీ."

"తీసుకెళ్ళండి. డబ్బు సంగతి రేపు మాట్లాడుకుందాం. ముందు అమ్మాయి పని కానివ్వండి."

ఒప్పుకున్న పెట్టె ఒకటి ముగించి బయలుదేరేసరికి పన్నెండు కావస్తోంది. బస్సులో సప్లై పెట్టెని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చున్నాడు. సరైనదే ఎంచాడు. ఆ విషయంలో అనుమానం లేదు. చిత్రం వెళితే వాళ్ళు పిలుస్తారు, అది అతనికి తెలుసు; గొడుగు నడక చూసి ఎవరైనా పిలుస్తారు. పిలిస్తే ఆమె వెళ్ళిపోతుంది. ఆమె గెలవాలని ఉంది. వెళ్ళకూడదని ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని నెలలుగా తిరుగుతున్నాడు, ఎవరితోనూ చెప్పుకోలేక.

తల్లి పోయినప్పుడు ఆమెకి ఆరేళ్ళు, అతనికి పదిహేడు. తండ్రి రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకునేవాడు. బడికి జడ వేసేవాళ్ళు లేక మూడు రోజులు ఆమె జుట్టు విరబోసుకునే వెళ్ళింది. నాలుగో రోజు టీచరు చీటీ రాసి పంపింది. ఆ సాయంత్రం అతను పాత రేడియో వైర్లు మూడు కిటికీ ఊచకి కట్టి అల్లడం నేర్చుకున్నాడు. తర్వాత పదేళ్ళు రోజూ జడ వేశాడు. పాపిట వంకర పోయేది గాని జడ మాత్రం సాయంత్రం దాకా ఊడేది కాదు. పెళ్ళయి వెళ్ళి, నాలుగేళ్ళకి ఒక బట్టల పెట్టెతో తిరిగి వచ్చినప్పుడు ఆమె జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. ఏం జరిగిందని అతను అడగలేదు. తన మంచం ముందు గదిలోకి జరుపుకుని లోపలి గది ఆమెకి ఇచ్చాడు. ఇది జరిగి తొమ్మిదేళ్ళు. దుకాణంలో వైర్లు అల్లడం మొదలుపెట్టింది ఆ నెలలోనే.

మూడో అంతస్తు మెట్లెక్కేసరికి చెల్లెలు తలుపు తీసుకుని నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. గదిలో కాలు గాలిన పిల్లిలా తిరిగిన గుర్తుగా చాప ఒక మూలకి ముడుచుకుపోయి ఉంది.

"ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర."

"గంటన్నర లేదు అన్నయ్యా. వానకి మూడున్నర గంటలు కావాలి. పంపడానికి ఇంకో అరగంట. ఇప్పుడే పన్నెండూ నలభై."

అతను పెట్టె పక్క పలక ఊడదీశాడు. లోపల అతను చేసిన అన్ని పనుల్లోకీ గొప్ప పని కనిపించింది. నాలుగు ఆదివారాలు కూర్చుని అల్లిన జడ అది. సప్లై దగ్గర లావుగా మొదలై, వెనక పలక గుండా దూరి, ఒక పాయ కార్డుకీ, ఒక పాయ రెండు డిస్కులకీ విడిపోతుంది. రెండో డిస్కు కూడా అతను పెట్టిందే. ఒకటి పోయినా ఇంకోదాంట్లో నకలు ఉంటుంది, భయం లేదన్నాడు. కొత్త వైర్లు వెయ్యాలంటే ఇదంతా మొదలంటా విప్పాలి.

చెల్లెలు భుజం మీదుగా తొంగి చూసింది. "జడంతా విప్పాలా?"

"అక్కర్లేదు," అన్నాడు.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, తర్వాత దాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అది తన గొంతులా అనిపించలేదు.

పాత డబ్బా నుంచి ప్లగ్గులు పీకాడు. నాలుగు స్క్రూలు. పాత డబ్బా బయటికి, కొత్త డబ్బా లోపలికి. జడ మొదలు ప్లగ్గులు కొత్త డబ్బాకి ఒక్కొక్కటిగా నొక్కాడు. టక్కున పట్టాయి. అన్నీ పట్టాయి. పద్దెనిమిది నిమిషాల్లో పని అయిపోయింది. చెల్లెలు అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది," అంది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. అతను చేతులు తుడుచుకుని స్విచ్ వేశాడు.

టప్‌మని చిన్న చప్పుడు. ఆ వెంటనే ఇంకోటి. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగింది. సన్నటి కాలిన వాసన గదిలోకి వచ్చింది.

ఆ వాసన అతనికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. ప్లగ్గు లాగేసి అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఎదురుగా కొత్త సప్లై అట్టపెట్టె తెరిచి ఉంది. అడుగున కొత్త వైర్ల సంచి ఉంది, సీలు కూడా విప్పలేదు. పొద్దున్న ఒకాయనకి స్క్రూడ్రైవర్ ఎత్తి చూపించిన గోడ, ఆ అట్టముక్క, దాని మీది తన గుండ్రటి రాత కళ్ళ ముందుకి వచ్చాయి.

జడని పాయ విప్పకుండానే మొత్తంగా బయటికి లాగి బల్ల మీద పడేశాడు. సంచి చించి కొత్త వైర్లు పెట్టాడు. అల్లలేదు, ఎలా పడితే అలా వదిలేశాడు. ప్రతి ప్లగ్గుకీ రెండేసి సార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. స్విచ్ వేశాడు. కంప్యూటర్ లేచింది. కార్డు మీది మూడు ఫ్యాన్లూ హాయిగా తిరిగాయి. సప్లై గట్టిది, కార్డుని కాపాడింది. డిస్కుల్ని కాపాడలేకపోయింది. తెర మీద ఒకే ఒక్క వరస వచ్చింది, డిస్కులేవీ కనబడటం లేదని.

చెల్లెలు ఆ వరస చదివింది.

"రెండూనా?"

"రెండూ."

"గొడుగు?"

"బాగుచేసేవాళ్ళున్నారు చిట్టీ. డిస్కులు తెరిచి తీస్తారు. నెల పట్టొచ్చు, రెండు నెలలు..."

"ఐదింటికి అన్నయ్యా," అంది, చిన్నపిల్లకి చెబుతున్నట్టు. తర్వాత కుర్చీలో కూర్చుని చాలాసేపు అతని చేతుల వైపు చూసింది. "వైర్ల సంగతి నీకు తెలియదా?"

"తెలుసు."

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆమె ఆగింది. జడ విప్పడానికి మనసొప్పలేదా, చెల్లెలు వెళ్ళడానికి మనసొప్పలేదా, నిజంగానే మరిచిపోయాడా. అడిగితే మూడింటికీ అవుననే చెప్పేవాడు, మూడింటికీ కాదనే చెప్పేవాడు. ప్రపంచంలో ఎవరి దగ్గర చేసినా క్షమించుకోగల తప్పు, ఈ గదిలో చేశాడు.

మూడింటికి ఆమె స్టూడియోకి ఫోన్ చేసింది. లోపలి గది తలుపు మూసి ఉన్నా మాటలు వినిపించాయి. లేదండీ, నా దగ్గర ఇంకేం లేదండీ, అంటోంది. నాలుగింటికి ఒక పెట్టెతో బయటికి వచ్చింది. తొమ్మిదేళ్ళ క్రితం తెచ్చిన పెట్టే.

"ఆ ఊళ్ళో మా స్నేహితురాలుంది. ఆరింటి బస్సుకి వెళతాను."

"చిత్రం లేకుండా వెళ్ళి ఏం చేస్తావు?"

"వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడతాను. పని దొరికితే అక్కడే ఉంటాను. దొరక్కపోయినా అక్కడే ఉంటాను."

"నామీద కోపమా?"

"కోపమైతే ఇక్కడే ఉండి నిన్ను నాలుగు తిట్టేదాన్ని." ఆమె ఏడవలేదు. దానికే అతనికి ఎక్కువ భయం వేసింది. "నువ్వు నన్ను బాగానే చూసుకున్నావు అన్నయ్యా. ఇంక చూసుకోకు."

మెట్ల మీద పెట్టె అతను అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. బస్సు దాకా పక్కనే నడిచాడు. బస్సు కదిలేటప్పుడు చెప్పాలనుకున్నవన్నీ పోయి, "కిటికీ అద్దం వేసుకో, చెవుల్లో గాలి పోతుంది," అన్నాడు. ఆమె వేసుకుంది. అద్దం వెనక ముఖం కనబడలేదు.

తిరిగి వచ్చి లోపలి గదిలో ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా వెలుతురుంది. కంప్యూటర్ ఆపడం మరిచిపోయారు. గీయడానికి ఏమీ లేకుండా కార్డు ఫ్యాన్లు మెల్లగా తిరుగుతున్నాయి. లేచి ఆపేశాడు. జేబులోని రబ్బర్లు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి దుకాణంలో ఇంకో పెట్టె తెరవాలి, దాన్లో వైర్లుంటాయి.

బల్ల మీద పాత వైర్ల జడ, కంప్యూటర్ లోపలి వంపులన్నీ అలాగే పట్టుకుని, కొసన నల్ల రబ్బరుతో, ఒక్క పాయ కూడా విడిపోకుండా పడి ఉంది.