పెనం వేడి, తొట్టి నీళ్లు

ఫోన్ మోగేసరికి నా రెండు చేతులకూ మొక్కజొన్న పిండే. భుజంతో చెవికి ఇరికించుకుని విన్నాను. క్లినిక్ నర్సు.

"మీ అత్తగారి ఇంజెక్షన్ మంజూరైంది. రేపు పదింటికి తీసుకురండి."

నేను వేసిన కేకకు పెనం మీది పుపూసా, లోపల కూరుతో చేసే మొక్కజొన్న రొట్టె, మాడిపోయింది. కొత్త కోడలినని ఎవరూ ఏమీ అనలేదు.

అత్తగారు త్రాన్సితోకు చాలా ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. వేళ్లన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. అయినా పెనం ముందు కూర్చుని, అట్లకాడ ముట్టకుండా, ఆ వేళ్లతోనే పుపూసాలు తిప్పుతుంది. ఈ మందు కోసం ఎంత ఎదురుచూశామో!

నర్సు ఇంకో మాట కూడా చెప్పింది. ఆ మందుతో ఒంట్లో జబ్బులను ఎదిరించే శక్తి తగ్గుతుందట. చేతులు తరచూ సబ్బుతో కడుక్కోవాలి. ఇన్ఫెక్షన్ వస్తే మందు ఆపేయాల్సి రావచ్చు.

"కడుక్కోవాలా? పెనం దగ్గర్నుంచి లేచి చన్నీళ్లలోనా?" అత్తగారి కళ్లు పెద్దవయ్యాయి. "నా చేతులు వంకర పోయింది అందుకే కదే పిల్లా! అట్లాగైతే నాకా సూదే వద్దు."

మా ఊరు శాంత ఆనాలో పెనం ముందు పనిచేసే ఆడవాళ్లంతా అదే నమ్ముతారు. చేతులు గుడ్డకు తుడుచుకుంటారు, చల్లారేదాకా నీళ్ల తొట్టి వైపు చూడరు. నేను కాలేజీలో జీవశాస్త్రం చదివాను. అయినా తొట్టి దగ్గరకు వెళ్లిన నా వేడి చెయ్యి నీళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో!

"నర్సు చెప్పిందీ నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే," అన్నాడు మా ఆయన ఎల్మెర్.

"నువ్వెవరి పక్షం?" అని అడిగాను.

"పుపూసా పక్షం," అని మాడినదాన్నే కొరికాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

నర్సుకు మళ్లీ ఫోన్ చేశాను. నీళ్ల వల్ల ఆ జబ్బు రాదమ్మా, కానీ గోరువెచ్చని నీళ్లయితే ఆవిడ కీళ్లకు హాయిగా ఉంటుంది, అంది. ఇంకేం, నీళ్లు కాచి తొట్టి గట్టు మీద పెట్టాను.

"తర్వాత," అంది అత్తగారు. మళ్లీ పిలిస్తే, "ఆ సబ్బు వాసన నాకు పడదు," అంది. చన్నీళ్ల భయం తీరాక ఇంకేం అడ్డం? నా బుర్ర తిరిగిపోయింది.

ఉల్లిపాయలకని లోపలికెళ్లి వస్తూ చూశాను. ఆవిడ తొట్టి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. నీళ్లు తోడబోతే గిన్నె జారింది. సబ్బు పట్టుకోబోతే అదీ జారి కాళ్ల దగ్గర పడింది. ఆవిడ వంగలేదు, దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అత్తయ్యా..."

"చూసేశావా? సబ్బుముక్క కూడా పట్టుకోలేనని కొత్త కోడలికి ఏ మొహంతో చెప్పను?"

అయితే ఇన్నాళ్లూ ఆపింది భయమా, సిగ్గా? రెండూనా? నాకిప్పటికీ తెలియదు. సబ్బు తీసి నేనే నురగ చేశాను. ఒకదాని మీదికొకటి ఒరిగిన వేళ్ల సందుల్లో మెల్లగా రుద్ది, కడిగి, తడి లేకుండా అద్దాను. "గిలిగింతలే పిల్లా!" అని ఆవిడ నవ్వితే నాకు పెళ్లిరోజంత సంతోషం వేసింది.

ఎల్మెర్ వచ్చి తొట్టిని కిందా మీదా చూశాడు. "పొద్దున్నే షాపు తెరిపించి పొడుగు పిడి కొళాయి తెస్తా. గట్టు మీద ఒక డ్రమ్ము పెట్టి దానికి బిగిస్తే, అందులో వేణ్ణీళ్లు పోసి మోచేత్తో తిప్పుకోవచ్చు. పైన నొక్కితే వచ్చే సబ్బు సీసా కూడా తెస్తా. ఆ తర్వాత బయల్దేరదాం."

"తెల్లారేసరికి నా వేళ్లు కర్రల్లా బిగుసుకుంటాయిరా, సాగడానికి గంట పడుతుంది," అంది అత్తగారు. నా వైపు తిరిగి, "ఆరింటికే నీళ్లు కాచు, వేళ్లు నానబెట్టి సాగదీసుకుంటా. రేపు నా చేతులు నేనే కడుక్కుని సూదికి వస్తా."