పాలకు బదులు

నర్సమ్మ అడిగినదానికి జవాబు నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

"మీ ఇళ్ళల్లో పాలిచ్చే తల్లి ఎవరైనా ఉన్నారా?" అని అడిగిందామె. అప్పటికి నా కొడుకు పుట్టి ఆరు రోజులు. మూడో రోజు నుంచి నా భార్యకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. కాన్పులో లోపల ఏదో చెడిందనీ, వేస్తున్నవి గట్టి మందులనీ, అవి వాడినన్నాళ్ళూ బిడ్డకు పాలివ్వకూడదనీ డాక్టరు చెప్పాడు. డబ్బా పాలు పట్టారు. బిడ్డ కక్కేశాడు. డబ్బా మార్చారు. అదీ కక్కాడు. బరువు చూసినప్పుడల్లా నర్సమ్మ పెదవి బిగించి కాగితం మీద ఏదో రాసుకునేది. ఎంతుందమ్మా అంటే చెప్పేది కాదు.

నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చట్రం చుట్టూ పూత ఊడుతోంది. గోడ తడపకుండా పూసిన పని.

"ఉంది, ఎందుకు లేదూ" అంది మా అత్తగారు మంచం పక్క నుంచి. "వాళ్ళ వదినే ఉంది. ఆరు నెలల పిల్ల తల్లి. ఒకే వీధి, మధ్యలో మూడిళ్ళు. ఈయనగారు నోరు తెరవరు గానీ."

"మరి ఇంకేం?" అంది నర్సమ్మ.

ఇంకేముందో ఆమెకు ఎలా చెప్పను? నాలుగేళ్ళుగా మా అన్నకూ నాకూ మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు. నేను తాపీ మేస్త్రిని, మా అన్న బస్సు డ్రైవరు. అతని ఇల్లు నేనే కట్టాను. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు, పాస్టరుగారు, చుట్టాలు, సంఘంలోవాళ్ళు అందరూ ఉండగా, మా అన్న ముందుగది గోడ మీద చెయ్యి వేసి, "మా తమ్ముడు కట్టిందండీ. ఎంత వినయమో చూడండి, వంగి పక్కింటికి నమస్కారం పెడుతోంది" అన్నాడు. ఇల్లంతా ఘొల్లుమంది. పాస్టరుగారు కూడా నవ్వారు. నేను తింటున్న పళ్ళెం కింద పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. నలుగురిలో నీకు స్టీరింగు తిప్పడం రాదంటే అతను మాత్రం ఊరుకుంటాడా? మర్నాడు అతనే వస్తాడనుకున్నాను. నేనే వస్తానని అతను అనుకున్నాడట. ఒక తల్లి బిడ్డలం, మొండితనంలో ఒకరికొకరం తీసిపోలేదు.

అత్తగారే వెళ్ళి కబురు చెప్పింది. ఆ సాయంత్రం బిడ్డను గుడ్డలో చుట్టుకుని నేను తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. "వదినా, ఇష్టం లేకపోతే చెప్పు" అని మొదలుపెడదామనుకున్నాను. తలుపు కొట్టకముందే ఆమె తీసింది. రెండు చేతులూ చాపింది. బిడ్డను అందించాను.

గోడ వైపు తిరిగి కూర్చుని శాలువా కప్పుకుంది. నేను గడప దగ్గర వీధి వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి గుటక వినిపించింది. ఇంకోటి. ఆపకుండా ఇంకోటి. నా కొడుకు కడుపు నిండా తాగడం నేను చూడలేదు, విన్నాను.

"రాత్రీ పగలూ ఇక్కడే ఉండనీ" అంది వదిన, తల తిప్పకుండానే. "రెండు గంటలకోసారి నువ్వు మోసుకు తిరిగితే తాగిందంతా దారిలోనే అరిగిపోతుంది."

సంతోషించాల్సిందే. సంతోషం కలగలేదు. ఇంటికొచ్చి కూర్చున్నాను, లేచాను. నీళ్ళు తాగాను, గ్లాసు ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఒకరి చేతి ముద్ద తింటే వాళ్ళ ఇంట్లో కట్టెలన్నా కొట్టి రావాలని మా నాన్న మమ్మల్ని పెంచాడు. మాటలు పడ్డ ఇంటి నుంచే తీసుకుంటున్నాను, అదీ ఎవరూ వెలకట్టలేని దాన్ని.

తెల్లారగానే పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. వదినను అడగలేదు. విరిగిన మెట్టు కట్టాను. మధ్యాహ్నం నీళ్ళ తొట్టి పగులు పూడ్చాను. సాయంత్రం పెరట్లో నీళ్ళు నిలిచే చోట వాలు సరిచేశాను. బిడ్డ తాగిన ప్రతిసారికీ ఒక పని. అలా చేస్తే కాసేపు ఊపిరి ఆడేది. మళ్ళీ వాడు ఏడ్చేవాడు, వదిన లోపలికి తీసుకెళ్ళేది, నేను ఇంకో పగులు వెతుక్కునేవాణ్ణి.

మా అన్న డ్యూటీ దిగి వచ్చి, తడి మెట్టు మీద కాలు మోపాడు. బూటు మడమ దాకా దిగింది.

"ఏమే, మీ మరిదికి చెప్పు, ఈ ఇంట్లో మనుషులు నడుస్తారని" అన్నాడు లోపలికి కేకేస్తూ.

నేను పెరట్లో నుంచి, "వదినా, మీ ఆయనకి చెప్పు, తడి సిమెంటు కనపడని కళ్ళతో బస్సు నడపొద్దని" అన్నాను.

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది వదిన, ఇద్దరు పిల్లల్నీ చెరో భుజాన వేసుకుని. "చీటీలు రాసుకుని మీలో మీరే పడేసుకోండి."

ఆరు రోజులు గడిచేసరికి ఆ ఇంట్లో బాగుచెయ్యాల్సింది ఏదీ మిగల్లేదు. నా కొడుకు మాత్రం తాగుతూనే ఉన్నాడు. బుగ్గలు వచ్చాయి. మణికట్టు దగ్గర మడత పడింది. వాడు బరువెక్కిన కొద్దీ నా గుండె మీద కూడా బరువెక్కుతోంది. మా ఆవిడకు జ్వరం దిగింది గానీ మందులు ఇంకో పది రోజులన్నారు. ఇంకా పది రోజులు!

అప్పుడు ముందుగది గోడ గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, వచ్చిన రోజు నుంచీ దాని వైపు చూడకుండా తిరుగుతున్నాను. ఎవరూ లేని సమయం చూసి, పై నుంచి దారానికి గుండు కట్టి వదిలాను. కింద వేలున్నర ఎడం తేలింది. అన్న అన్నది నిజమే. ఆ రోజైనా నాకు తెలియక కాదు. నవ్వినవాళ్ళ మీద కాదు నా కోపం, నిజం పట్టుకున్నవాడి మీద.

ఆ గోడ పడగొట్టి నిట్టనిలువుగా లేపితే చాలు, ఇక ఎవరికీ ఏమీ బాకీ ఉండనని అనుకున్నాను. క్రిస్మస్‌కు ఇంకా రెండు రోజులుంది. అన్న డ్యూటీకి వెళ్ళాడు. వదిన పిల్లలిద్దర్నీ తీసుకుని, బిడ్డను వాళ్ళమ్మకు చూపించి వస్తానని ఆసుపత్రికి వెళ్ళింది. కప్పు స్తంభాల మీద ఉంది, గోడ మోసేదేమీ లేదు. మంచం, ఉయ్యాల మధ్యకు జరిపి సుత్తి ఎత్తాను. మొదటి దెబ్బకే చేతులకు ప్రాణం లేచొచ్చింది. అన్నాళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ లేను.

వదిన తిరిగొచ్చేసరికి గోడ నడుం దాకా దిగింది. ఇద్దరు పిల్లలూ ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తున్నారు. మంచం నిండా ఇటుక పొడి. ఉయ్యాలలో సున్నపు పెచ్చులు. చలిగాలి ఇటు నుంచి అటు పోతోంది. పక్కింటి ముసలాయన తన కిటికీలో టీ తాగుతూ, ఆట చూస్తున్నట్టు మా వైపే చూస్తున్నాడు. బిడ్డకు పాలివ్వాలంటే ఆ గదిలో ఆమె కూర్చోగలిగిన చోటు జానెడు లేదు. వంటగది నిండా ఈ గది సామాను నేనే పేర్చాను.

"ఏం చేశావయ్యా ఇది?"

"గోడ వంకర వదినా. నాలుగు రోజుల్లో లేపేస్తాను. ఈసారి గుండు పట్టి..."

"వంకరని నేనేమన్నా ఏడ్చానా?"

"ఊరికే ఎలా తీసుకోను? ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు ముద్ద దిగడం లేదు."

"అందుకని నాకు కూర్చునే చోటు లేకుండా చేశావు. నీ కొడుకు ఆకలి తీర్చినందుకు వాణ్ణే పస్తు పెట్టావు." శాలువా అంచుతో వాడి రెప్పల మీద దుమ్ము తుడిచింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఎల్లుండి పండగ. దేవుడు మనకిచ్చాడు, ఇచ్చాడు అని ఏటా వింటాం. ఇవ్వడానికి వచ్చినవాడు వస్తూనే ఏం చేశాడయ్యా? ఏడ్చాడు. పాలు తాగాడు. ఎవరిదో పశువుల పాకలో, ఎవరో చుట్టిన గుడ్డలో పడుకున్నాడు. లోకాన్ని చేసినవాడికి తీసుకోవడం నామోషీ అనిపించలేదు. నీకేం వచ్చింది?"

నేను సుత్తి కింద పెట్టాను.

"ఆయనా పనివాడే. వడ్రంగి. పాలకు బదులని వాళ్ళమ్మకి తలుపు చేసిపెట్టాడని ఎక్కడైనా విన్నావా?"

"చేసే ఉంటాడు" అన్నాను.

"చేసుంటే అమ్మ అని చేసుంటాడు. బదులని కాదు." సామాను కాలితో తోసుకుంటూ వంటగదిలోకి వెళ్ళి, బియ్యం డబ్బాకూ పొయ్యి గట్టుకూ మధ్య నేల మీద చతికిలబడి తలుపు వేసుకుంది. తలుపు వెనక ఏడుపు ఆగింది. ఒకటి ఆగింది, ఇంకోటి ఎక్కువైంది. ఆమె సొంత పిల్ల. నా కొడుకు తర్వాతే దాని వంతు. అది ఆరోజు దాకా నాకు తట్టనేలేదు.

అన్న వచ్చాడు. గోడ ఉండాల్సిన చోట పక్కింటి ముసలాయనను చూశాడు. నన్ను చూశాడు. నాలుగేళ్ళ తర్వాత నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

"ఒరేయ్, నమస్కారం పెట్టిన పాపానికి గోడని చంపేశావట్రా?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఇటుకలు ఏరబోయాను.

"వదిలెయ్. పండగయ్యాక ఇద్దరం లేపుదాం" అని బస్సు మీద కప్పే టార్పాలిన్ ఒకటి తెచ్చి విప్పాడు. నేనో కొస పట్టుకున్నాను.

వదిన లోపలి నుంచే షరతు పెట్టింది. "పండగ దాకా ఆ సంచి పట్టుకుని గడప తొక్కావో, బిడ్డను చూడనివ్వను."

ఆ తర్వాతి రోజంత పొడుగైన రోజు నేను ఎరగను. ఖాళీ చేతులతో వెళ్ళాను, ఖాళీగా కూర్చున్నాను. వదిన టీ ఇస్తే తాగాను. గ్లాసు కడగబోతే లాక్కుంది. టార్పాలిన్ గాలికి కొట్టుకుంటుంటే లేచి బిగించబోయాను, "కూర్చో" అంది. కూర్చున్నాను. బిడ్డ తాగాడు, నిద్రపోయాడు, లేచాడు, తాగాడు. నేనేమీ చెయ్యలేదు. నా కాలు మాత్రం నేలను తడుతూనే ఉంది.

క్రిస్మస్ ఉదయం చర్చి కిటకిటలాడింది. బిడ్డను నలుగురికీ చూపించమని నా చేతికిచ్చి, వదిన తన పిల్లతో ముందు వరసలో అటువైపు కూర్చుంది. నేను ఇటువైపు, వెనక, తలుపు దగ్గర చోటు చూసుకున్నాను. ఏడిస్తే బయటికి జారుకోవచ్చని.

మనకొక బిడ్డ ఇవ్వబడ్డాడని ప్రవక్త పలికిన మాట పాస్టరుగారు చదివి, ప్రసంగం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే వీడు గొంతెత్తాడు. జో కొట్టాను. వేలు నోట్లో పెట్టాను, చప్పరించి, మోసం తెలిసి, ఇంకా గట్టిగా అందుకున్నాడు. తలలు తిరిగాయి. అవే తలలు. నాలుగేళ్ళ కిందట అన్న ఇంట్లో నవ్వినవే.

పక్కనున్నాయన, "బయటికి తీసుకుపో మేస్త్రీ, ఆరాధన అయ్యాక మీ వదినకి ఇద్దువుగాని" అన్నాడు గుసగుసగా. తలుపు రెండడుగుల దూరంలో ఉంది. అరగంట ఓర్చుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. వదిన అటు నుంచి వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. చూసింది, అంతే.

బిడ్డ గొంతు బొంగురుపోతోంది. అరగంట ఓర్చుకోవాల్సింది నేను కాదు, వాడు.

లేచి, మధ్య దారిలో నడిచాను. చర్చి అంత పొడుగని నాకెప్పుడూ తెలియదు. పాస్టరుగారు మాట ఆపేశారు. నా అడుగులు నాకే వినపడుతున్నాయి. ముందు వరస దగ్గర ఆగి, అందరూ చూస్తుండగా, "వదినా, ఆకలేస్తోంది వీడికి" అన్నాను. ఇంకేం అనాలో తోచక, "ఇవ్వు" అన్నాను.

నోరు తెరిచి ఆ మాట ఎవరినైనా ఎప్పుడు అడిగానో నాకు జ్ఞాపకం లేదు.

ఆమె తీసుకుని శాలువా కప్పుకుంది.

"తాగనివ్వండి" అన్నారు పాస్టరుగారు, పుస్తకం మూసి. "ఇవాళ తొందరేముంది? అందరం ఆగుదాం."

అందరూ ఆగారు. నేను దారి మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాను. మా అన్న బెంచీ మీద కొంచెం జరిగి, నా చొక్కా పట్టి లాగాడు. కూర్చున్నాను. కూర్చున్నా ఒళ్ళు కుదురుగా లేదు, మోకాలు ఊగుతూనే ఉంది. అన్న ముందుకు చూస్తూనే దాని మీద చెయ్యి వేశాడు. అతను తీయలేదు. నేను తీయమనలేదు.